తొమ్మిది నెలలైంది, ఒక్క ప్లైంటు కూడా రాయలేదు

ప్రశ్న: సర్, మాది గాజువాక. నాన్న స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. మా బంధువుల్లో లాయర్లు ఎవరూ లేరు. డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, ఎన్‌రోల్ అయి, తొమ్మిది నెలలుగా ఒక సివిల్ లాయరు గారి దగ్గర జూనియర్‌గా చేస్తున్నాను. పొద్దున కోర్టులో వాయిదాలు తీసుకోవడం, సాయంత్రం డైరీ రాయడం, ఇదే పని. ఇంతవరకు ఒక్క ప్లైంటు, అంటే దావా పత్రం, కూడా నా చేత రాయించలేదు. నెలకు మూడు వేలు ఇస్తారు, అదీ కొన్ని నెలలే. నాతో డిగ్రీ చదివిన అమ్మాయి మధురవాడలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ముప్ఫై వేలు తెచ్చుకుంటోంది. ఏఐ వచ్చాక లాయర్ల పని అయిపోయినట్టే, గ్రూప్-2 రాసుకో అంటున్నాడు మా బాబాయి. అమ్మ పెళ్లి మాట ఎత్తుతోంది. జడ్జి పరీక్ష రాద్దామంటే మూడేళ్ల ప్రాక్టీసు కావాలట. హైదరాబాద్ వెళ్లి లా ఫర్మ్‌లో చేరాలా? వైజాగ్‌లో పోర్టు ఉంది కాబట్టి మేరిటైమ్ లాకు, అంటే ఓడల కేసులకు, మంచి రోజులని ఒక వీడియోలో చూశాను, నిజమేనా? అసలు ఈ వృత్తిలో కొత్తవాళ్లకు చోటుందా? ఇంకో చిన్న విషయం, నవ్వకండి: కోటు ఒక్కటే ఉంది. వేసుకుని బస్సెక్కితే చెమటకు తడిసిపోతోంది, చేత్తో పట్టుకుంటే నలిగిపోతోంది.
(ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో ఏఐ ఉంది, హైదరాబాద్ ఉంది, ఓడలున్నాయి, పెళ్లి ఉంది. నా కన్ను మాత్రం ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది. తొమ్మిది నెలల్లో ఒక్క ప్లైంటు కూడా రాయించలేదన్నావు చూడు, అక్కడ. మార్కెట్ ఎలా ఉందని నువ్వు అడుగుతున్నావు. ముందు ఈ సంగతి తేలాలి.

నేను 1996లో ఈ కోర్టులో అడుగుపెట్టినప్పుడు మా సీనియర్ గారు నెలకు నాలుగు వందలిచ్చేవారు. అప్పటికీ అది తక్కువే. కానీ చేరిన వారంలోనే ఒక ప్రోనోటు దావా కట్ట నా ముందు పడేసి, రేపటికల్లా ప్లైంటు రాసుకు రమ్మన్నారు. రాత్రంతా కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఆయన మొదటి పేజీ కూడా పూర్తిగా చదవలేదు. నోటు తిరగేసి, వెనకాల ఐదు వందలు ముట్టినట్టు రాసిన చెల్లు మీద వేలు పెట్టి, "ఈ తేదీ చూశావా?" అన్నారు. చూడలేదు. నోటు తేదీ నుంచి లెక్కేస్తే దావా గడువు ఏడాది కిందటే దాటిపోయింది. ఆ చెల్లు వేసిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కపెడితే ఇంకా నాలుగు రోజులుంది. నా డ్రాఫ్టులో చెల్లు ప్రస్తావనే లేదు. అలాగే ఫైల్ చేసి ఉంటే క్లయింటు డబ్బు పోయేది. అప్పటి నుంచి ఏ నోటు చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను.

ఈ పని ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితేనే వస్తుంది. నీ దగ్గర జరగనిది అదే. పొద్దున కేసులు పిలిచే కాల్ వర్క్‌లో లేచి నిలబడి "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారండీ, పాస్ ఓవర్" అని కేసు కాసేపు పక్కన పెట్టమనడానికి ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు. మొదటి మూడు నెలలు ఆ పని అవసరమే, కాదనను. బెంచి క్లర్కు ఎవరో, ఏ కోర్టులో ఏ పిటిషన్ ఎలా నడుస్తుందో తెలుస్తుంది. తొమ్మిదో నెలలో కూడా అదే చేస్తున్నావంటే ఆ ఆఫీసులో నువ్వు జూనియర్‌వి కాదు, తక్కువ జీతం గుమాస్తావి. మాట కటువుగా ఉంటే క్షమించు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. నగరాల్లో జూనియర్లకు నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 తక్కువ కాకుండా ఇవ్వండని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే, ఇచ్చి తీరాలన్న రూలు కాదు. మన కోర్టు ఆవరణలో అంత ఇచ్చే సీనియర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రభుత్వాల సాయం ఒకటి వస్తుంటుంది, పోతుంటుంది. 2019 చివర్లో లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకు నెలకు 5,000 మొదలైంది. అలాంటిది ఎప్పుడు ఏది దొరికినా తీసుకో, దాన్ని నమ్ముకుని ఇంటి లెక్క వేసుకోకు. నీ స్నేహితురాలితో పోలిక పెట్టుకుంటే వచ్చే మూడు నాలుగేళ్లూ ఆమే ముందుంటుంది. అబద్ధం చెప్పి నిన్ను ఊరడించను. మీ నాన్నగారు ఇంకో రెండున్నరేళ్లు నీ బస్సు ఖర్చు, ఇంట్లో అన్నం భరించగలరా లేదా అన్నది ఈ రాత్రే అడుగు. భరించలేరంటే అది నీ ఓటమి కాదు. అప్పుడు బ్యాంకు లా ఆఫీసర్ దారి ఉంది, కింద చెప్తాను.

చోటుందా అన్నావు. దేశంలోని జిల్లా కోర్టుల్లో పెండింగ్ కేసులు నాలుగు కోట్లు దాటాయి. కాలేజీ సభల్లో ఈ అంకె చెప్పి లాయర్లకు పనికి కొదవే లేదంటారు. నాకు ఆ మాట వింటే నవ్వొస్తుంది. పెండింగ్ కేసంటే ఎప్పుడో ఎవరికో ఫీజు ఇచ్చేసిన కేసు. అందులో కొత్తగా వచ్చినవాళ్లకు దక్కేది వాయిదా ఒక్కటే. కొత్తవాళ్ల పని పుట్టేది ఇంకా కోర్టు మెట్లెక్కని కాగితాల దగ్గర.

మన ఊళ్లో ఆ కాగితాల్లో మొదటిది భూమి. పెందుర్తి, ఆనందపురం, భీమిలి వైపు ఎవరు స్థలం కొన్నా, ఎవరికి బ్యాంకు లోనిచ్చినా మధ్యలో లీగల్ ఒపీనియన్ కావాలి. నా దగ్గర ఉన్న జూనియర్ కుర్రాడు నిరుడు ఒక ప్లాటు కాగితాలు చూశాడు. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ శుభ్రంగా ఉంది, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు ఆరూ వరసగా ఉన్నాయి, నిషేధిత భూముల జాబితా 22ఏలో ఆ సర్వే నంబరు లేదు. నేనైతే సంతకం పెట్టేసేవాణ్ని. వాడు మాత్రం హద్దులు ఒక కాగితం మీద కిందా పైనా వరసగా రాసుకున్నాడు. 1986 దస్తావేజులో తూర్పు హద్దు "డొంక" అని చేతిరాతలో ఉంది. 2009లో వచ్చేసరికి అదే తూర్పు హద్దు "30 అడుగుల రోడ్డు" అయింది, కొలతల్లో ప్లాటు వెడల్పు ఆరు అడుగులు పెరిగింది. డొంక ప్రభుత్వానిది కదా, ఆ ఆరు అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? సర్వే కొలతల పటం ఎఫ్‌ఎంబీ తెప్పించి చూస్తే సంగతి బయటపడింది. కొనేవాళ్లు ఆ బేరం వదులుకున్నారు. వాళ్లే తర్వాత వాడికి ఇంకో మూడు పనులు తెచ్చారు, నాకు కాదు, వాడికి. సింహాచలం దేవస్థానం భూముల మీద పంచగ్రామాల గొడవ తెలిసిన ఊరు ఇది. అడివివరం, వేపగుంటల్లో ఇల్లు కట్టుకుని దశాబ్దాలుగా పట్టా కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలున్నాయి. ఇలాంటి చోట పాత దస్తావేజు చదవగలిగినవాళ్లకు అన్నానికి లోటు ఉండదు.

రెండోది, చాలామంది పట్టించుకోనిది: ఈ ఊళ్లో న్యాయం జిల్లా కోర్టు గేటు దగ్గర ఆగిపోదు. బ్యాంకు బాకీల కేసులు చూసే డెట్స్ రికవరీ ట్రైబ్యునల్ ఇక్కడే ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి కిస్తీలు కట్టలేనివాళ్లకు బ్యాంకు బాకీ కట్టమని సర్ఫేసీ చట్టం 13(2) నోటీసు ఇస్తుంది, 60 రోజుల గడువుతో. ఆ తర్వాత స్వాధీనం మొదలైతే ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులు. గాజువాకలో ఈ నోటీసు అందుకున్న ఇల్లు నీ వీధిలోనే ఒకటి ఉండొచ్చు. వాళ్లు ఆ కవరు విప్పకుండా టీవీ మీద పెట్టి ఉంటారు, గడువు గడిచాక లాయరు దగ్గరకు పరుగెత్తుకొస్తారు. లేబర్ కోర్టు ఉంది, వినియోగదారుల కమిషన్ ఉంది. ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రైబ్యునల్ బెంచి కూడా ఉంది గానీ అది ఎక్కువగా సీఏల రాజ్యం, ఇప్పుడే అటు చూడకు.

లేబర్ సంగతి నీకోసం ప్రత్యేకంగా చెప్పాలి. 29 కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. ముప్ఫై ఏళ్లు పారిశ్రామిక వివాదాల చట్టం నంబర్లు బట్టీపట్టిన సీనియర్ కూడా ఇప్పుడు కొత్త పుస్తకం కొనుక్కోవాల్సిందే. 2024 జూలై 1న క్రిమినల్ వైపు ఇదే జరిగింది. నిందితుడు రాలేదని ఆబ్సెంట్ పిటిషన్ వేసేటప్పుడు మా వయసు వాళ్లం ఇప్పటికీ పాత సెక్షన్ నంబరు "317" అనే రాసేస్తాం, అది 355 అయిందని కుర్రాళ్లు గుర్తు చేస్తారు. వాట్సాప్ చాట్‌నో సీసీటీవీ ఫుటేజీనో సాక్ష్యంగా పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ వేల్యూ రాయాలి. హ్యాష్ అంటే ఏమిటని నన్నే ఒక పెద్దాయన అడిగారు, నేను మా కుర్రాణ్ని అడిగాను. సీనియర్‌కీ జూనియర్‌కీ పరుగు మొదలుపెట్టే గీత ఒకే చోట గీయడం ఈ వృత్తిలో మళ్లీ మళ్లీ జరగదు. పైగా కాంట్రాక్టు కార్మికుడి గేట్ పాస్ అంటే ఏమిటో, కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్ ఖాతా ఏమవుతుందో, పేస్లిప్పులో ఎన్ని రోజుల హాజరు ఎగిరిపోతుందో నీకు ఇంట్లోనే తెలుసు. పరవాడ ఫార్మాలో, ఆటోనగర్‌లో చేసేవాళ్లు మీ నాన్నగారికి ఎంతమంది తెలిసి ఉంటారో లెక్కపెట్టు. బంధువుల్లో లాయర్లు లేరని రాశావు. క్లయింట్లు ఉన్నారు కదమ్మా.

ఇక మీ బాబాయి ఏఐ. ఆయన పూర్తిగా తప్పేమీ కాదు. మామూలు లీగల్ నోటీసు, అద్దె అగ్రిమెంటు లాంటివి రాసి బతికేవాళ్ల పని నిజంగానే తగ్గుతుంది, ఇప్పటికే తగ్గింది. తీర్పులు వెతకడం నాకు ఒక సాయంత్రం పట్టేది, ఇప్పుడు పది నిమిషాలు. కానీ 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను సరిచూడకుండా కోర్టులో పెట్టేశారు. ఆ కేసులు అసలు లోకంలోనే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. మెషీన్ తెచ్చిన ప్రతి సైటేషన్‌నూ, అంటే ఉదహరించిన తీర్పునూ, తెరిచి చదివే అలవాటు నీకుంటే అది నీ గుమాస్తా. లేకపోతే నీ లైసెన్సుకే ఎసరు. ఆ 1986 దస్తావేజు చేతిరాత, ఆ డొంక, వాటి వెనకున్న ఊరి సంగతులు ఇప్పటికైతే మనుషులే చదవాలి. ఈ-కోర్ట్స్ మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్లు ఆమోదించింది. ఫైలింగ్, కాపీలు అన్నీ కంప్యూటర్ మీదికి వస్తున్నాయి. మీ సీనియర్ గారికి ఈ-ఫైలింగ్ రాదేమో, అక్కడ చొరబడు. ఆ పని నీ చేతికొస్తే కట్ట మొత్తం నీ చేతికొచ్చినట్టే, చదవకుండా అప్‌లోడ్ చేయలేవు కదా.

హైదరాబాద్ విషయం త్వరగా చెప్తాను. పెద్ద ఫర్మ్‌లు ఎక్కువగా నేషనల్ లా యూనివర్సిటీల క్యాంపస్‌ల నుంచి తీసుకుంటాయి. మన సబ్బవరంలో దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ పిల్లలకే ఆ పోటీ గట్టిగా ఉంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీతో నువ్వు వెళ్తే దొరికేది చిన్న ఆఫీసే, జీతంలో సగం హాస్టల్‌కు. వెళ్లొద్దనను, ఇక్కడ నేర్చుకోవాల్సింది నేర్చుకుని వెళ్లు. నెల జీతం ఇప్పుడే అవసరమైతే బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్షలో లా ఆఫీసర్ పోస్టులున్నాయి. ఎల్‌ఎల్‌బీ ఉండి అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయినవాళ్లు అర్హులు, వయసు ముప్ఫై దాటకూడదు. ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ లాంటి సంస్థలు ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష క్లాట్ పీజీ మార్కుల మీద లా ఆఫీసర్లను తీసుకోవడం ఉంది. ఒక్కటి గుర్తుంచుకో. పూర్తి జీతం ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్ రూల్ ప్రకారం ప్రాక్టీసు ఆపేయాలి. జడ్జి పరీక్షకు లెక్కపెట్టే సంవత్సరాలు అక్కడితో ఆగిపోతాయి.

జడ్జి పరీక్ష మీద నీకు మక్కువ ఉందని ఉత్తరం చెప్తోంది. జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పిచ్చింది. అయితే ఆ లెక్క ఆలిండియా బార్ ఎగ్జామ్ (లాయరుగా కొనసాగడానికి రాయాల్సిన పరీక్ష) పాసైన రోజు నుంచి కాదు, ప్రొవిజనల్‌గా ఎన్‌రోల్ అయిన రోజు నుంచే. అంటే నీ తొమ్మిది నెలలూ ఖాతాలో పడ్డట్టే. సర్టిఫికెట్ పదేళ్లు నిండిన లాయరు ఇవ్వాలి, దాని మీద జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి. కాబట్టి నువ్వు హాజరైన కేసుల నంబర్లు ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండు. నోటిఫికేషన్ వచ్చిన రోజు అందులోని షరతులే చివరి మాట, వాటిని చదివి దరఖాస్తు పెట్టు. మొదటి బేసిక్ పే 77,840. ఈ అంకె బాబాయికి చెప్పు, కొంచెం నెమ్మదిస్తాడు. ఆలిండియా బార్ ఎగ్జామ్ సంగతి నువ్వు రాయలేదు. ఇంకా పాసవ్వకపోతే ఎన్‌రోల్ అయిన రెండేళ్లలోపు పూర్తి చేయాలి. నోట్సు లేని చట్టాల పుస్తకాలు (బేర్ యాక్టులు) లోపలికి తీసుకెళ్లనిస్తారు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. దాన్ని తేలిగ్గా తీసుకుని రెండుసార్లు తప్పినవాళ్లను చూశాను.

మేరిటైమ్ వీడియో చేసినాయన వైజాగ్ కోర్టుకు ఎప్పుడూ రాలేదనుకుంటా. బాకీ ఎగ్గొట్టిన ఓడను అరెస్టు చేయించే దావాకు, 2017లో చేసి 2018 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న అడ్మిరాల్టీ చట్టం ప్రకారం, అధికారం తీరప్రాంత హైకోర్టులదే. ఓడ మన కళ్లెదుటే లంగరు వేసి ఉంటుంది, కేసు మాత్రం అమరావతిలో నడుస్తుంది. దాని వెనకున్న చిన్న పనులు ఇక్కడివే: సరుకు తడిసిందనో తక్కువ దిగిందనో క్లెయిములు, షిప్పింగ్ ఏజెంట్ల కాంట్రాక్టులు, జీతం రాని నావికుడి నోటీసు. 2025లో పార్లమెంటు మర్చంట్ షిప్పింగ్ దగ్గర నుంచి పోర్టుల దాకా ఐదు కొత్త చట్టాలు చేసింది, కాబట్టి చదివితే వృథా కాదు. కానీ మొదటి మూడేళ్లలో బువ్వ పెట్టేది ఓడ కాదు, ప్రోనోటు.

క్రిమినల్ వైపు మనసుంటే ఇంకో తలుపుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకం నడుస్తోంది, అందులో అసిస్టెంట్ పోస్టుకు సున్నా నుంచి మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లను తీసుకుంటారు. కాంట్రాక్టు పని, బయట ప్రాక్టీసు చేయకూడదు. కానీ బెయిల్ దగ్గర నుంచి సాక్షిని ప్రశ్నించే క్రాస్ దాకా స్వయంగా చేసే అవకాశం ఈ వయసులో ఇంకెక్కడా దొరకదు. నోటిఫికేషన్ కోసం ఆ ఆఫీసు నోటీసు బోర్డు చూస్తుండు.

ఆడపిల్లవి కదా ఫ్యామిలీ కోర్టు చూసుకో అని నీకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. ఆ కేసులు చెయ్యి, క్లయింట్లు నిజంగానే వస్తారు. వాటికే కట్టుబడకు. "సార్ లేరా అమ్మా?" అని అడిగే క్లయింటు ఇంకో ఐదేళ్లు అడుగుతూనే ఉంటాడు. వాడి కాగితంలో వాడికి తెలియని తప్పు ఒకటి నువ్వు పట్టుకున్న రోజు అడగడం మానేస్తాడు. పెళ్లి విషయంలో నేను పెద్దగా చెప్పేదేమీ లేదు. సంబంధం చూసేటప్పుడు సాయంత్రం ఎనిమిదింటిదాకా ఆఫీసులో ఉండే పని ఇది అని అమ్మ చేత ముందే చెప్పించు, అంతే. రీల్స్ చేసి ప్రచారం చేసుకోమని స్నేహితులు సలహా ఇస్తే మాత్రం వినకు, లాయరు ప్రకటన ఇచ్చుకోవడం రూల్స్‌కు విరుద్ధం.

ఇప్పుడు చేయాల్సింది. మీ సీనియర్ గారు సాయంత్రం కాఫీ తాగే వేళ చూసి, "సర్, ఈ వారం వచ్చిన కొత్త కేసుల్లో ఒకటి నేను డ్రాఫ్ట్ చేస్తాను, మీరు కొట్టేసినా పర్వాలేదు" అని అడుగు. జీతం మాట అప్పుడు ఎత్తకు, రెండూ కలిపి అడిగితే రెండూ రావు. ఆయన ఒప్పుకుంటే అక్కడే ఉండు. నవ్వేసి ఊరుకుంటే ఇంకో రెండుసార్లు అడుగు. మూడు నెలలు గడిచినా అదే కథ అయితే ఆఫీసు మారు. చెప్పకుండా మాయమవ్వకు. వెళ్లి కూర్చుని, సెలవు తీసుకుంటున్నానని చెప్పు, డైరీలు అప్పగించు. బార్ చిన్న ప్రపంచం, రేపు ఆయనే అవతలి పక్షం తరఫున వకాలత్ వేస్తారు. కొత్త సీనియర్‌ను ఎంచుకునేటప్పుడు ఆయనకు ఎన్ని కేసులున్నాయో చూడకు. ఆయన పాత జూనియర్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో కనుక్కో. వాళ్లు సొంతంగా ప్రాక్టీసు చేస్తుంటే ఆ ఆఫీసులో చేరు. అందరూ మధ్యలో వదిలేసి ఉద్యోగాల్లోకి వెళ్లిపోయి ఉంటే ఆ మెట్లు ఎక్కకు.

కోటు సంగతి. నవ్వలేదమ్మా, నేనూ గోపాలపట్నం నుంచి బస్సులోనే వచ్చేవాణ్ని. వేసవిలో హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప మిగతా కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది. మెడకు కట్టే తెల్ల బ్యాండ్ మాత్రం మర్చిపోకు. మిగతా నెలల్లో కోటును హ్యాంగరుతో సహా బార్ అసోసియేషన్ లేడీస్ రూములో వదిలెయ్యి, అక్కడ స్థలం దొరక్కపోతే మీ ఆఫీసు తలుపు వెనక మేకు ఒకటి కొట్టించు. శనివారం ఇంటికి తెచ్చుకుని ఉతుక్కో.

(మీ లాయరు గారు, విశాఖపట్నం)